తీపి చాల్లేదండీ

మా ఆయన కాఫీ కంపెనీలో రుచులు తయారుచేస్తాడు. అక్కడ రుచి చూసి ఉమ్మేయడమే ఆయన ఉద్యోగం. గుటక వేసేదాన్ని నేనే.

రాబోయే చలికాలానికి దాల్చినచెక్క కాఫీ. పైన ఇంతెత్తు మీగడ. ఆరు నెలలపాటు రోజుకో కప్పు ఇంటికి తెచ్చాడు.

"నీ నాలుకకు తిరుగులేదే. తాగి చెప్పు."

"తీపి చాల్లేదండీ."

మర్నాడు తీపి పెంచేవాడు. పిచ్చిమొహాన్ని, పక్కింటావిడ దగ్గర గొప్పలు కూడా పోయాను. ఆదివారం పొద్దున్నే చెయ్యి పట్టుకుని బరువు చూసే మిషను ఎక్కించేవాడు.

"నీ ఒంటి సంగతి నేను కాక ఇంకెవరు చూస్తారు?"

ఇవాళ కాఫీ విడుదల. నన్ను కంపెనీలో తన గదిలో కూర్చోబెట్టి, కప్పు చేతికిచ్చి బయటికెళ్లాడు. బల్ల మీద ఫైలుంటే తాగుతూ ఊరికే తిప్పాను.

మొదటి పేజీలో లాభాలు రాశాడు. పాలతో ఎముకలకు బలం. కాఫీతో హుషారు. తాగినవాళ్లు ఒక్క గుక్క కూడా వదలరు.

రెండో పేజీలో నష్టాలు. కప్పుకు పన్నెండు చెంచాల చక్కెర. కింద ఆదివారాల తేదీలు, పక్కనే నా బరువు. అరవై ఒకటితో మొదలై డెబ్బై మూడు. ఆ కింద, "అంతా బాగుందే" అని ఆయన నాతో చెప్పిన నా రక్తపరీక్ష: షుగరు వచ్చింది.

చివర ఆయన చేతిరాత: "ఈమె నాలుక మొద్దుబారింది. వచ్చే ఏడాదికి కొత్త మనిషి కావాలి."

తలుపు తీసుకుని నవ్వుతూ వచ్చాడు.

"ఎలా ఉందే?"

కప్పులోకి చూశాను. చదువుతూ చదువుతూనే అడుగుదాకా తాగేశాను.