తెరమీది గోవు

మా ఆయన నైట్ షిఫ్ట్‌కి వెళ్ళాక, పుప్పాలగూడ ఫ్లాట్‌లో నేనూ మా అమ్మాయి హరితా మిగిలాం. తను ఆడుతున్న ఆటను ట్యాబ్‌తో సహా నా చేతిలో పెట్టింది.

"జర పట్టుకో మమ్మీ, బట్టలు మార్చుకొని వస్తా. ఆ ఆవుల్ని మాత్రం కొట్టకు. వాటంతట అవి ఏమీ అనవు. ఒక్కదాన్ని కొడితే మందంతా ఇంటిదాకా వస్తది."

"వస్తే?"

"కొట్టినోళ్ళు చచ్చేదాకా పోదు," అని నవ్వి తన గదిలోకి వెళ్ళింది.

ఒక తెల్లావు దగ్గరికి వచ్చింది. శుక్రవారం పూట గోమాత. అలవాటుగా దాని నొసట వేలు ఆనించి కళ్ళకద్దుకున్నాను. ఆవు ఎర్రగా మెరిసి అరిచింది. ఆటలో తాకడమంటే కొట్టడమేనని అప్పుడు తెలిసింది. మందంతా తలలు తిప్పింది. తెరమీద ఆడుతున్నవాళ్ళ పేరు మాత్రం హరితది.

ట్యాబ్ ఆపేశాను. గిట్టల చప్పుడు ఆగలేదు. అది బయట కారిడార్‌లో, లిఫ్ట్ వైపు నుంచి వచ్చి మా గుమ్మం ముందు నిలిచింది.

"పిల్ల కాదు తల్లీ, నేను," అని తలుపుకు చేతులు జోడించాను. "దండమే పెట్టాను. అదీ దెబ్బేనా?"

తలుపుకు చెవి ఆనించి విన్నాను.

తర్వాత హరిత గది లోపలి నుంచి, గిట్ట నేలను గీరిన చప్పుడు వినిపించింది.