సెంటర్లో ఎర్రగుడ్డ

మొదటి గుద్దు సరిగ్గా నోటి మీద పడింది. మేస్త్రీ గోర్డన్ వెల్లకిలా పడ్డాడు. కొత్తగా పరిచిన నీలపు బండల మీద నెత్తురు చిందింది.

“ఎక్కడ పెట్టావో చెప్పరా!” డగీ అతని జుట్టు పట్టుకుని ఊపాడు.

గోర్డన్ నోరు తెరిచాడో లేదో, నెవిల్ రెండోది వేశాడు. పన్ను ఊడి బయటపడింది.

“అదేంటన్నా, అడుగుతున్నానా, చెప్పనివ్వవే!” అన్నాడు డగీ నవ్వుతూ.

“కెల్‌రిడ్జ్ వాడి మాట నేను విననురా.”

చుట్టూ ఉన్న నీలం చొక్కాలన్నీ హోరెత్తాయి. ఓక్‌షా జట్టు అభిమానులకు నెవిల్ నాయకుడయ్యాడంటే ఊరికే కాలేదు మరి.

ఆ రోజు మధ్యాహ్నమే కెల్‌రిడ్జ్‌తో ఫుట్‌బాల్ ఆట. ఊళ్లో పోలీసులంతా ఆ ఊరి ఎర్రచొక్కాల గుంపుని కాయడానికి రైల్వేస్టేషన్ దగ్గరే ఉన్నారు. సెంటర్లో అడిగే నాథుడు లేడు.

ఓక్‌షా సెంటర్ అంటే ఒకప్పుడు చేపల మార్కెట్టు. వ్యాపారాలు చచ్చి సగం షట్టర్లు దిగిపోయాక, కౌన్సిల్ వాళ్లు ఆ మార్కెట్టు పడగొట్టి, అంతా కొత్తగా కడతామన్నారు. బండలు నీలం రంగులోనే ఉండాలని జనం పట్టుబట్టి సాధించుకున్నారు. తీరా పని పట్టిన మేస్త్రీ చూస్తే కొండకవతలి కెల్‌రిడ్జ్ వాడు! పుండు మీద కారం చల్లినట్టయింది.

పునాదిలో పగవాడి గుడ్డ పడితే ఆ చోటు బాగుపడదని ఆ రెండూళ్ల నమ్మకం. కెల్‌రిడ్జ్ వాళ్లు తమ ఆటమైదానంలో కొత్త గ్యాలరీ కట్టుకున్నప్పుడు, ఓక్‌షా కూలీ ఒకడు కాంక్రీటులో తన నీలం మేజోడు పడేశాడు. ఆ ఏడాదంతా వాళ్లు గోలు మొహం చూడలేదు. ఆ ముచ్చట ఓక్‌షాలో ఇప్పటికీ చెప్పుకుని చెప్పుకుని నవ్వుతారు.

ఇప్పుడు నవ్వు కెల్‌రిడ్జ్ వంతు. నిన్న డగీ బ్యాంకు మేడ మీంచి చూశాడట. గోర్డన్ ఒక గుంటలో ఎర్రటిదేదో పెట్టి బండ మూశాడట. డగీ తీసిన ఫోటో పొద్దుటికల్లా ఊరంతా తిరిగింది. అది చూశాక నెవిల్ పళ్లెంలో గుడ్లు ముట్టలేదు. కోపంతోనేలే అనుకుంది పెళ్లాం.

“పట్టండ్రా గునపం!” అన్నాడు నెవిల్.

డగీ ఫోన్ తీసి గుర్తుకి ఫోటోలో పడ్డ దీపస్తంభం ఎక్కడుందో వెతికేలోపే, నెవిల్ నేరుగా వెళ్లి ఒక బండ సందులో గునపం దించాడు.

“అరె! ఇది మీ అమ్మ చేపల బల్ల ఉన్న చోటు కదన్నా!” అన్నాడు డగీ. “మావిస్ పిన్ని నిలబడ్డ చోట ఎర్రగుడ్డా! చంపెయ్యాలి వీణ్ణి!”

మావిస్ అంటే ఆ ఊళ్లో పసివాళ్లకి కూడా తెలుసు. చలిలో చేపలు కోస్తూనే బతికింది. మొగుడి పక్కన నీలం టోపీ పెట్టుకుని ఒక్క ఆటా వదల్లేదు. మొన్న శీతాకాలంలో పోతే, శవపేటిక మీద పూలు కూడా నీలమే.

గోర్డన్ పాక్కుంటూ వచ్చి నెవిల్ కాలు పట్టుకున్నాడు. “నెవ్... మీ అమ్మ...”

“మా అమ్మ పేరెత్తుతావురా!”

బూటు కాలు దవడ మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. ఆ తర్వాత గోర్డన్ నోట్లోంచి నెత్తురు తప్ప ఏమీ రాలేదు. గుంపు మీద పడి తొక్కింది. పక్కటెముకలు, వేళ్లు, దేన్నీ వదల్లేదు.

“చాలురా, చస్తాడు!” పూలకొట్టు గుమ్మంలోంచి ముసలి ఐరిస్ ఏడుస్తూ అరిచింది. “మావిస్ ఉంటే నీ చెంప పగలగొట్టేది నెవిల్!”

నెవిల్ అటు చూడలేదు. బండ పెకలించి, ఇసకలో ఒక్కడే మోకాళ్ల మీద కూర్చుని తవ్వాడు. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ప్లాస్టిక్ సంచిలో మడతపెట్టిన ఎర్ర కండువా. ఉన్ని అక్కడక్కడా పలచబడింది.

“విప్పి పట్టుకో అన్నా, ఫోటో తీస్తా.”

“దీనికి ఫోటో ఒకటి తక్కువైంది!” అంటూ దాన్ని పిడికిట్లో ఉండలా నలిపాడు.

పగవాడి కండువా చిక్కితే, చిక్కించుకున్నవాడే దాని మీద ఉమ్మి, కాల్చాలి. అది ఓక్‌షా పద్ధతి. “ఉమ్ము! ఉమ్ము!” అంటూ జనం చప్పట్లు చరిచారు. నెవిల్ నోరు ఎండిపోయింది. ఎలాగో కూడదీసుకుని ఉమ్మాడు. కళ్లలోంచి నీళ్లు జారాయి. మా నెవిల్‌కి ఊరంటే ప్రాణంరా అన్నాడు వెనక ఎవడో.

డగీ లైటర్ వెలిగించాడు. పాత ఉన్ని గుప్పున అంటుకుంది.

“వదిలెయ్ అన్నా, చెయ్యి కాలుద్ది!”

చర్మం పొక్కుతున్నా నెవిల్ బొటనవేలు కండువా మూల మీంచి లేవలేదు. పెళ్లికి ముందు కెల్‌రిడ్జ్ పిల్లగా ఉన్నప్పుడు మావిస్ తెల్లదారంతో అక్కడ కుట్టుకున్న తన పేరు, ఆ కండువాని బల్ల ఉన్న చోటే పాతిపెట్టమన్న ఆమె ఆఖరి కోరిక చెప్పి నెవిలే గోర్డన్‌ని బతిమాలిన నాటికీ చెక్కుచెదరని ఆ పేరు, పూర్తిగా కాలి బూడిదయ్యేదాకా.