ఎరుపు పక్కన నీలం

బడులన్నీ తిరిగి తిరిగి ఆవిడ చెప్పులు అరిగిపోయాయి. హైస్కూళ్ళలో కలిగినవాళ్ళ పిల్లలూ, లేనివాళ్ళ పిల్లలూ ఎంతవరకు కలిసి కూర్చుంటున్నారో కొలవడం ఆవిడ ఉద్యోగం. పిల్లలు నింపిన ఫారాలు చూసి, తరగతి పటం మీద కలిగినవాళ్ళకి ఎర్రచుక్క, లేనివాళ్ళకి నీలం చుక్క పెడుతుంది.

తొమ్మిదేళ్ళుగా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ముందు బెంచీలు ఎరుపు, వెనక బెంచీలు నీలం. కొన్ని బడుల్లోనైతే రెండో పెన్ను మూత తీసే పనే లేదు.

ఇది ఆఖరి బడి. "అక్కడా కలవకపోతే, కలిపి చదివించే పథకం ఎత్తేస్తారమ్మా. మీరూ ఆశ వదులుకోండి," అని పొద్దున్నే చెప్పాడు పై అధికారి.

తొమ్మిదో తరగతిలో చుక్కలు పెడుతూ పెడుతూ ఆగిపోయింది. ఎరుపు, నీలం. ఎరుపు, నీలం. పద్దెనిమిది బెంచీలు, ఒక్కటీ తప్పలేదు. నమ్మలేక మొదటినుంచి సరిచూసుకుంది.

"మీరే ఇలా కూర్చోబెట్టారా మాస్టారూ?"

"నేనా? భలేవారే! విడదీస్తే ఊరుకుంటారా? చేరిన రోజునుంచీ ఎవరి జత వాళ్ళదే," అని నవ్వాడు క్లాసు టీచరు.

గంట కొట్టారు. ఆవిడ గుమ్మం పక్కన నిలబడి కళ్ళారా చూసింది. ఒకమ్మాయి తన సంచీతో పాటు పక్కమ్మాయి సంచీ కూడా భుజాన వేసుకుంది. ఒకబ్బాయి పక్కవాడి సీసాలో నీళ్ళు పట్టుకొచ్చాడు. బెంచీ మీద రెండు నోటుపుస్తకాలు తిరగేస్తే రెండింట్లోనూ ఒకే దస్తూరి. పాపం, జ్వరమొచ్చిన స్నేహితురాలికి రాసిపెట్టి ఉంటుంది అనుకుంది. ఆవిడ కడుపు నిండిపోయింది.

అక్కడే ఫోను తీసింది. "సార్, దొరికింది! పథకం ఎత్తేయనివ్వకండి. వీళ్ళు నిజంగానే కలిశారు సార్."

నివేదికలో పిల్లల మాట ఒక్కటైనా ఉంటే బాగుంటుందని, రెండు సంచీలమ్మాయిని ఆపింది.

"మీ ఇద్దరికీ ఇంత బాగా ఎలా కుదిరింది తల్లీ?"

గేటు దగ్గర కారు హారన్ మోగింది. ఆ పిల్ల కంగారుగా అటు చూసింది.

"మా బెంచీలన్నీ ఇంతే మేడమ్, ఎవరమ్మ ఎవరింట్లో పనిచేస్తే వాళ్ళ పక్కనే కూర్చుని సంచీ మోసి, నోట్సు రాసిపెట్టాలి, లేకపోతే అమ్మని పనిలోంచి తీసేస్తారు."