చేతిరాత లేని పాట

"ఇది పాటా, సరుకుల చీటీనా?" అన్నారు మామగారు, కోడలి ఫోనుని చెయ్యి చాచినంత దూరం పెట్టి చూస్తూ.

"పాటే మామగారూ. స్వరానికో అక్షరం. ఎంతసేపు పట్టాలో పక్కన అంకె. ఆగాల్సిన చోట చిన్న గీత. అంతే."

"నా పాటకి బోడిగుండు కొట్టించావు కదమ్మా!"

"మీ కాగితాన్ని ఫోటో తీస్తే ఏం కనిపిస్తోంది? సగం కొట్టివేతలు, సగం కాఫీ మరకలు. ఇందులో ఒక స్వరం మార్చాలంటే ఒక్క అక్షరం మారిస్తే చాలు, పేజీ అంతా తిరగరాయక్కర్లేదు. ఎంత పాత ఫోన్లోనైనా తెరుచుకుంటుంది."

మామగారు ముప్పై ఏళ్లు నాటకాల హాల్లో క్లారినెట్ వాయించిన మనిషి. వచ్చే నెల మూడో తారీఖున పళ్ల డాక్టరు ఆయన ముందుపళ్లు నాలుగూ తీసేయబోతున్నాడు. ఆ తర్వాత క్లారినెట్ మీద పట్టు దొరకదని ఆయనకూ తెలుసు, ఇంట్లోవాళ్లకూ తెలుసు. ఆలోగా వాయించాలని ఆఖరి పాట ఒకటి కట్టుకున్నారు. కానీ అది ఒంటరిగా నిలబడే పాట కాదు. పక్కన వయొలిన్ ఉండాలి.

వయొలిన్ అంటే ఆయన తమ్ముడే. ఆ మాట మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. ఏడేళ్ల కిందట ఒక నాటకం చివరి పాటని ఎంత వేగంగా ముగించాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, అన్నదమ్ములకు రాకపోకలు ఆగిపోయాయి. తర్వాత ఒకసారి చిన్నమామ ఉత్తరం రాస్తే, కవరు మీద చేతిరాత చూసి విప్పకుండానే తిప్పి పంపేశారీయన.

కోడలికి ఈ అక్షరాల పద్ధతి మరీ నచ్చింది అందుకే. ఇందులో చేతిరాత ఉండదు.

ఆ మధ్యాహ్నమే, గిన్నెలు సర్దేశాక, పాట మొత్తం చిన్నమామ వాళ్ల ఇంటి ఫోనుకి పంపింది. అది మీటల ఫోను, ఫోటో పంపితే తెరుచుకోదు. అక్షరాలు మాత్రం చక్కగా వెళ్లాయి. కింద ఒక్క ముక్క చేర్చింది: 'దీనికి వయొలిన్ వరస కావాలి. మామగారికి చెప్పలేదు.'

"నాన్నకి తెలిసిందంటే నిన్నూ నీ ఫోన్నీ కలిపి వీధిలో పెడతారు," అన్నాడు ఆమె భర్త. సాయం మాత్రం చెయ్యలేదు.

మూడో రోజు జవాబు వచ్చింది. మాటలు లేవు. అన్నీ స్వరాలే.

"నాకు తెలిసినవాళ్లు రాశారు మామగారూ."

"ఎవరమ్మా ఆ ఘనుడు?"

"పేరు చెప్పొద్దన్నారు."

"చెప్పుకోలేనంత ఘోరంగా రాశాడన్నమాట," అంటూ ఆయన కళ్లజోడు తగిలించుకున్నారు. కాసేపు బల్ల మీద వేళ్లతో తాళం వేశారు. ఆపారు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. కోడలు గుడ్డలు మడత పెడుతున్నట్టే పెడుతూ, ఒకే తువ్వాలుని మూడుసార్లు మడత పెట్టింది.

"నేను ఊపిరి తీసుకునే చోటల్లా వెతికి వెతికి నింపాడే!" అన్నారాయన చివరికి. వెంటనే మొహం గట్టిగా పెట్టి, "అయినా నాలుగో వరసలో నా మీద పడిపోతున్నాడు. కాస్త తగ్గమను," అన్నారు.

తగ్గమని పంపింది. సాయంత్రానికల్లా నాలుగో వరస తిరిగొచ్చింది. పాతదీ కొత్తదీ ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే, మారినవి రెండే రెండు అక్షరాలు.

"రెండక్షరాలతో దారి వదిలేశాడు!" మామగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "కాగితమైతే ఆ రెండూ ఎక్కడున్నాయో వెతకడానికే నాకు పొద్దు గూకేది. నీ చీటీ మంచిదేనమ్మా."

ఆ తర్వాత ఆయనే రోజూ అడగడం మొదలుపెట్టారు. "ఏమంటాడు మీవాడు?" అనేవారు, పళ్లు తోముకుంటూనే.

నెలాఖరుకి నాలుగు రోజులుందనగా, ఒక ఉదయం క్లారినెట్ పెట్టె చంకన పెట్టుకుని ముందుగదిలోకి వచ్చారు.

"పదమ్మా, వాడింటికి."

"ఎవరింటికి మామగారూ?"

"చాల్లే నాటకం! చేతిరాత లేకపోతే మావాణ్ని పోల్చుకోలేననుకున్నావా? నా ఊపిరి ఎక్కడ తెగుతుందో తెలిసినవాడు ఈ లోకంలో వాడొక్కడే."

బస్సులో దారి పొడుగునా కోడలు కిటికీలోంచి చూస్తూ తనలో తను నవ్వుకుంటూనే ఉంది.

తలుపు తీసిన చిన్నమామ అన్నగారిని చూసి కాసేపు గొళ్లెం వదల్లేదు.

"వచ్చావా?"

"పళ్లు ఉండగానే వచ్చాను. పక్కకి జరుగు."

చిన్నమామ వెనకాల చిన్నత్త నిలబడి ఉంది. నాటకాల హాల్లో పాతికేళ్లు ఆ ఇద్దరి మధ్యా కూర్చుని స్వరాల కాగితాలు తిప్పిన మనిషి. ఎప్పటిలాగే ఒక చిన్న నవ్వు నవ్వి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది.

అన్నదమ్ములు క్షేమసమాచారాల జోలికి పోలేదు. ఒకరు క్లారినెట్ మూతి దగ్గరి రీడు తడుపుకున్నారు, ఒకరు తీగలు బిగించుకున్నారు. క్లారినెట్ ఊపిరి కోసం ఆగిన ప్రతిచోటా వయొలిన్ ఆ ఖాళీలోకి వచ్చి, పని చూసుకుని, మళ్లీ ఒదిగిపోయింది. ముగింపు దగ్గర ఎవరూ ఎవర్నీ తొందరపెట్టలేదు. కోడలు ముక్కు చీదుకుంది.

చిన్నమామ కమాను దించారు. "నాకోసం ఇంత బాగా రాస్తావనుకోలేదన్నయ్యా. కాగితం చేతికొచ్చిన రోజు అన్నం కూడా సహించలేదు."

"నేను రాయడమేమిట్రా? వయొలిన్ వరస రాసింది నువ్వు కదా!"

"నేనా? ఆ ఫోన్లో అక్షరాలు నాకు కనబడి చస్తేగా! మీ మరదలు కాగితం మీదికి ఎత్తి ఇచ్చింది. నువ్వు పంపావంది."

అన్నదమ్ములిద్దరూ కోడలి వంక చూశారు. కోడలు ఫోను వంక చూసింది.

చిన్నత్త కాఫీ గ్లాసులు బల్ల మీద పెట్టింది.

"ఏడో వరస ఇంకా కుదర్లేదు బావగారూ, రేపటికి మార్చి ఇస్తాను."