ఎరుపుని నమ్మకు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. మధ్యాహ్నం బండికి చిన్నకొడుకు దగ్గరికి వెళ్ళాల్సిన నాయనమ్మ, ఆమె సంచి సర్దుతున్న అమ్మ, నేలమీద తీగలు పరుచుకుని కూర్చున్న అన్నయ్య, పక్కన టార్చి పట్టుకున్న పిట్ట.

పోయిన ఏడాది వరకు నాన్న కూడా ఉండేవాడు.

ఇప్పుడు ఆయన గొంతు ఒక్కచోటే మిగిలింది. పిట్ట ఆడుకునే చేతి గేమ్ కన్సోల్‌లో.

అందులో ఒక కుక్కపిల్ల ఆట. మన గొంతు రికార్డు చేసి పెడితే, ఆ పిలుపుకి కుక్కపిల్ల పరిగెత్తుకొస్తుంది. నాన్న ఏడిపించడానికి దానికి కూతురి ముద్దుపేరే పెట్టాడు.

"పిట్టా! ఎక్కడున్నావే, ఇలా రా!"

నాలుగే నాలుగు మాటలు.

వెళ్ళేలోగా ఒక్కసారి వినిపించమంది నాయనమ్మ. కన్సోల్‌లో చార్జింగ్ లేదు. చార్జింగ్ కేబుల్ చివర ఎలుక కొరికేసింది. అలాంటిది ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకడం లేదు.

"దీనికింత దిగులెందుకు? పాత ఫోన్ కేబుల్ కోసి అతికిస్తే సరి" అన్నాడు అన్నయ్య.

రెండు కేబుళ్ళ తొక్కా ఒలిచాడు. రెంటిలోనూ నాలుగేసి తీగలు. ఎరుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ.

"ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. ఇందులో బ్రహ్మవిద్యేముంది? పిట్ట కూడా చేస్తుంది."

గుమ్మంలో ఎవరో దగ్గారు.

నలభై ఏళ్ళావిడ. భుజాన సంచి. మేడమీద గది ఖాళీగా ఉందని బజారులో బట్టలు కుట్టే ఆవిడ చెప్పి పంపిందట.

"రండి, చూపిస్తా" అంటూ అమ్మ లేచింది.

ఆవిడ మెట్లవైపు కదల్లేదు. కళ్ళన్నీ నేలమీది కేబుల్ మీదే. వంగి, ఎలుక కొరకని వైపు ప్లగ్గుని బొటనవేలితో తడిమింది.

"ఆగు బాబూ. ఇందులో ఎరుపుని నమ్మకు."

అన్నయ్య తలెత్తాడు. "ఏంటండీ?"

"ఈ రకంలో ఎరుపు మైనస్. నలుపు ప్లస్. రంగు చూసి కలిపావంటే లోపలంతా మాడిపోతుంది."

"ఎరుపు ప్లస్సని లోకమంతా చెబుతోందండీ. మీరేమన్నా ఇంజినీరా?"

"అంత చదువెక్కడిది? మీటరు పెట్టి చూడు. ఏ తీగ ఏ పిన్నుకి వెళ్తోందో అదే చెబుతుంది."

"ఇంట్లో మీటర్లెందుకుంటాయండీ?"

"సందు చివర ఎలక్ట్రీషియన్ కొట్టుందిగా. పది నిమిషాల పని."

నాయనమ్మ గడియారం వైపు చూసింది. "గది చూడ్డానికొచ్చిందా, మనకి పరీక్ష పెట్టడానికొచ్చిందా ఈవిడ? నా బండి వెళ్ళిపోయాక వినిపిస్తార్రా?"

పిట్టకి మాత్రం ఆవిడ మాట నిజమేననిపించింది. ప్లగ్గుని ఆవిడ తడిమిన తీరు, పెద్దవాళ్ళు పసిబిడ్డ ఒళ్ళు చూసినట్టు ఉంది. 'నేను పరిగెత్తి మీటరు తెస్తా' అనబోయింది. మాట గొంతు దాటలేదు. కొత్తవాళ్ళ ముందు తనకెప్పుడూ అంతే.

అన్నయ్య తీగలు మెలేసి టేపు చుట్టేశాడు. ప్లగ్గు కన్సోల్‌కి పెట్టబోతుంటే ఆవిడ చటుక్కున కేబుల్ పట్టుకుంది.

"వద్దు బాబూ, నా మాట విను. నేను ఇలాంటివి..."

"చెయ్యి తియ్యండి!" అమ్మ అరిచింది. "అందులో మా ఆయన..."

కళ్ళు తుడుచుకుని, "గది ఇవ్వట్లేదండీ. మీరు వెళ్ళండి" అంది.

ఆవిడ కేబుల్ వదిలేసింది. సంచి భుజాన సర్దుకుని వెళ్ళిపోయింది.

అన్నయ్య స్విచ్ వేశాడు.

చిటుక్కుమంది. సన్నటి పొగ. కాలిన ప్లాస్టిక్ వాసన.

నాయనమ్మ కన్సోల్ అందుకుని చెవికి ఆనించుకుంది. "ఏదిరా? ఏం వినపడట్లేదు. నా చెవులే పోయాయా?"

అన్నయ్య ఆమె చేతిలోంచి తీసుకుని, అరగంట సేపు ప్రతి బటనూ నొక్కి చూసినా అది వెలగలేదు.

ఆవిడైతే బాగుచేస్తుందేమో! పిట్ట కేబుల్, కన్సోల్ చేతపట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా బజారుకి పరిగెత్తింది.

బట్టలు కుట్టే ఆవిడ భోజనానికని కొట్టు తలుపు దగ్గరికి వేస్తోంది.

"పిన్నీ, గది కోసం మా ఇంటికొచ్చారే, ఆవిడ ఉన్నారా?"

ముక్కూమొహం తెలియని మనిషితో పిట్ట అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు.

"ఇందాకే ఊరొదిలి వెళ్ళిపోయింది. వారం రోజులు నా కుట్టుమిషను పక్కనే ముడుచుకుని పడుకుంది పాపం. మీ గదీ దొరకలేదు, ఇంక అక్క దగ్గరికి పోతానంది. ఏం, ఇప్పుడు ఇవ్వబుద్ధేసిందా?"

పిట్ట చేతిలోవి చూపించింది. ఎక్కిళ్ళ మధ్య జరిగిందంతా చెప్పింది.

ఆమె కేబుల్ అందుకుని, టేపులోంచి ఊడి వేలాడుతున్న ఎర్ర తీగ వంక చూసింది. తిరిగి పిట్ట చేతిలో పెట్టేసింది.

"ఈ కేబుళ్ళు చేసే ఫ్యాక్టరీలో రంగు తీగల రీళ్ళు తారుమారయ్యాయి, పైకి కనపడదులే కలిపెయ్యమన్నారు యజమానులు, రేపెవరింట్లోనో ఇది తెగితే రంగు నమ్మి అతికించుకుంటారు, నేను కలపనని ఎదురుతిరిగి, మీలాంటి వాళ్ళ కోసమే పద్నాలుగేళ్ళ ఉద్యోగం పోగొట్టుకుందే ఆ పిచ్చిది" అని, పిట్ట మొహం మీదే తలుపు వేసేసింది.