ఆరు జతల చెప్పులు

నల్లమల కొండల్లో సైకిలు యాత్రకని ప్రేమదాసు మాస్టారు రాసుకున్న జాబితా భార్య రెబ్కా చేతిలో పడింది. వెనక క్యారియర్ మీద కూర్చుని ఆమె కూడా వెళ్తోంది మరి.

“గాలి పంపు, అటుకులు, ఆరు జతల చెప్పులు... బరువని నా బైబిలు కొట్టేసి, ఇన్ని చెప్పులా?”

“ఘాటు రోడ్డు దిగొద్దూ?”

“దానికి చెప్పులెందుకండీ?”

మాస్టారు విసుక్కున్నారు. “మన మిరపచేల మధ్య అంతా బల్లపరుపు నేల. బ్రేకులెందుకని పదేళ్ల కిందటే పీకేశాను. కాలు నేలకేసి రాస్తే సైకిలు అదే ఆగుతుంది. ఇక్కడే ఏడాదికో జత అరుగుతోంది. ఆ కొండ దిగాలంటే ఆరైనా చాలవేమో!”

రెబ్కా జాబితాలో బైబిలు మళ్లీ రాసింది.

“ఇది మీరే పట్టుకెళ్లండి. నేను బస్సులో ముందెళ్లి కొండ కింద కూర్చుంటా. మిమ్మల్ని ఏరుకోడానికి ఒకరుండాలిగా!”