మూడో కుర్చీ

బెంచీ మీద ముగ్గురు కూర్చోవచ్చు గానీ, దానికి బిగించే ఇత్తడి రేకు మీద ముగ్గురి పేర్లు కుదరవన్నారు పార్కుల కమిటీవారు.

ఎందుకు కుదరవో చూస్తానంది ఆర్డిస్.

డెబ్బై నాలుగేళ్ళ మనిషి. నెత్తిన ఎర్ర ఉన్ని టోపీ. గదిలో అందరూ కూర్చుంటే తనొక్కతే నిలబడింది. కుర్చీ చూపిస్తే, ముందు పేర్ల సంగతి తేల్చండి, కుర్చీల సంగతి మాకు కొత్తేం కాదంది.

పోయినవాడు వెండెల్. ఓడ వచ్చినప్పుడల్లా పైకి లేచే వంతెన మీద పనిచేసి, ఊళ్ళో సగం మందిని ఆలస్యం చేసిన ఘనుడు. ఆయనకి ఇద్దరు. ఒకరు చట్టప్రకారం పెళ్ళాడిన మనిషి. ఒకరు పెళ్ళి లేకుండానే ఇంటిమనిషి అయిన మనిషి. ఇందులో దొంగచాటు ఏమీ లేదు. ముగ్గురిదీ ఒకే కప్పు, ఒకే పొయ్యి. ఆయన పేరున సరస్సు ఒడ్డున బెంచీ వేయిస్తూ, ‘వెండెల్, ఆర్డిస్, లవోన్’ అని చెక్కమని కోరారు వాళ్ళ క్లబ్బువాళ్ళు. నిబంధన ఏమంటుందంటే, పోయినవారి పేరు, పెళ్ళాడినవారి పేరు, అంతే.

ఆర్డిస్ పక్క కుర్చీలో లవోన్ కూర్చుని ఉంది. నల్ల గౌను, వంచిన తల, చేతిలో తడిసిన రుమాలు. కమిటీ పెద్ద హాల్వర్సన్ ఆ నల్ల గౌనునీ ఈ ఎర్ర టోపీనీ ఒకసారి చూసి, ఎవరెవరో ఇట్టే తేల్చేసుకున్నాడు. లవోన్ వైపు తిరిగి, ‘మీకు జరిగిన నష్టానికి చింతిస్తున్నామమ్మా’ అన్నాడు. ఆర్డిస్‌ని మాత్రం, అసలు మీ క్లబ్బేమిటని అడిగాడు.

ఆర్డిస్ చెప్పింది. మొదలైంది చేపల వేపుడు దగ్గర. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక శుక్రవారం ముగ్గురూ హోటలుకి వెళితే, వడ్డించే పిల్ల రెండు కుర్చీల బల్ల చూపించింది. వెండెల్ పక్క బల్ల దగ్గర్నించి మూడో కుర్చీ ఈడ్చాడు. ఆ కీచుకి హోటలంతా తలలు తిప్పింది. మూలనున్న ఇంకో ముగ్గురు మాత్రం తలలు దించుకున్నారు. వాళ్ళ ఇంటి సంగతీ ఇదే మరి. వెండెల్ ఆ ముగ్గురి బల్లని లాక్కొచ్చి తమ బల్లకి కలిపేశాడు. అదే క్లబ్బు. పేరు మూడో కుర్చీ.

తర్వాత గ్రంథాలయంలో గది అడిగితే ఇచ్చారు, సంగతి తెలిసి పొమ్మన్నారు. చర్చి నేలమాళిగలోంచీ పొమ్మన్నారు. వీళ్ళు వండి తెచ్చిన హాట్‌డిష్ అనే వంటకాన్ని మాత్రం గిన్నెతో సహా ఉంచుకున్నారు. ఆఖరికి బౌలింగ్ ఆటశాల వెనక గది దొరికింది. అక్కడి మోతలో ఎవరి తిట్లూ ఎవరికీ వినపడవు. ఇక ఆ ఊరి చలి సంగతంటారా, డిసెంబరులో చెప్పిన చాడీలు నోటి దగ్గరే గడ్డకట్టి, ఏప్రిల్లో కరిగి ఒక్కసారే చెవుల్లో పడతాయి. అన్ని ఏప్రిళ్ళూ తట్టుకుని నిలిచింది క్లబ్బు.

ఆ బల్ల దగ్గర ఒక్కటే కట్టుబాటు. పెళ్ళాడినవారెవరు, కానివారెవరు అన్న మాట ఎవరూ ఎత్తకూడదు. వెండెల్ పోయేరోజున ఆస్పత్రిలో, మీలో భార్య ఎవరని నర్సు అడిగితే, ఇద్దరూ ఆయన చెరో చెయ్యీ పట్టుకుని కూర్చున్నారే గానీ నోరు విప్పలేదు.

కమిటీలో బెర్గ్‌స్ట్రామ్ అనే ఆవిడ ఇంక ఉండబట్టలేకపోయింది. ‘ఇంకొకరి మొగుణ్ణి పంచుకున్నది చాలక, రేకు మీద పేరు కూడానా?’

‘మీ ఆయన్ని పంచుకుంటామని ఎవరూ రారులే తల్లీ, నువ్వు నిశ్చింతగా ఉండు’ అంది ఆర్డిస్.

వెనక వరసల్లో క్లబ్బువాళ్ళు గట్టిగానే నవ్వారు. లవోన్ నవ్వలేదు. ఆర్డిస్ కోటు అంచు పట్టి లాగింది.

‘వద్దే ఆర్డిస్. ఇంత రభస దేనికి? పోదాం పద.’

‘నువ్వూరుకో. ముప్ఫై ఏళ్ళు పోదాం పదా అంటూనే బతికాం. ఇవాళ కదిలేది లేదు.’

హాల్వర్సన్ గొంతు తగ్గించాడు. ‘చూడండమ్మా, మీ పట్టుదల మీది. ఆవిడ మనసు గురించి ఒక్కసారైనా ఆలోచించారా?’

‘పొద్దున లేస్తే నాకు అదే పని’ అంది ఆర్డిస్.

ఇద్దరి పేర్లూ కుదరవు గనుక అసలు ఆడవాళ్ళ పేర్లే లేకుండా చెక్కుదామా అన్నాడతను. అయితే నాలుగు మేకులు కొట్టి ఖాళీ రేకు బిగించండి, ఊరంతా చూసి ఎందుకని అడుగుతుంది, నేనే అక్కడ కూర్చుని జవాబు చెబుతానంది ఆర్డిస్. చచ్చేదాకా చెబుతానంది. క్లబ్బువాళ్ళు కాళ్ళతో నేల తట్టారు.

హాల్వర్సన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కమిటీవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. చివరికి అతను ఒక దారి చెప్పాడు. ఈ మాట ఎవరూ దాటలేరన్న ధైర్యం మొహంలో కనిపిస్తూనే ఉంది.

‘సరే. చట్టప్రకారం పెళ్ళాడిన ఆవిడ ఈ గదిలోనే ఉన్నారు. రెండో ఆవిడ పేరు చెక్కించడానికి తనకి అభ్యంతరం లేదని ఆవిడే అందరి ముందూ నిలబడి చెప్పమనండి. ఇప్పుడే ఒప్పేసుకుంటాం.’

గదిలో కళ్ళన్నీ లవోన్ మీదికి వెళ్ళాయి. లవోన్ తల ఎత్తలేదు. రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. బెర్గ్‌స్ట్రామ్ సంతృప్తిగా కుర్చీలో వెనక్కి వాలింది. వెనక వరసల్లో నవ్వులు ఆగిపోయాయి. కట్టుబాటు వాళ్ళందరికీ తెలుసు.

ఆర్డిస్ ఎర్ర టోపీ తీసి లవోన్ ఒడిలో పెట్టింది. ఆ భుజం మీద చెయ్యి వేసింది.

‘ఇందాకటినుంచీ నిలబడే ఉన్నాను కదా బాబూ,’ అంది, ‘నాకేం అభ్యంతరం లేదు, లవోన్ పేరే ముందు చెక్కించండి.’